బోర్డు పాతదే... బుర్ర మారింది!

‘సాఫ్ట్‌వేర్ ఇంజినీరు’ అంటే మా ఊళ్లో ఒకటే అర్థం. కంప్యూటర్ పాడైతే బాగుచేసేవాడు. పెదనాన్న ప్రింటర్ నుంచి పక్కింటి ఆంటీ సెట్ టాప్ బాక్స్ దాకా అన్నీ నా ఖాతాలోనే. నేను రోజూ రాసేది కోడ్ అని, క్యాబినెట్ విప్పడం నాకూ రాదని చెబితే ‘మరి అన్నేళ్లు ఏం చదివావురా?’ అంటారు.

అందుకే మొన్న దీపావళికి ఇంటికెళ్లగానే బాబాయి కొడుకు ‘అన్నా, ఒకసారి స్టూడియోకి రావా, సిస్టమ్ చూద్దువు’ అన్నప్పుడు నాకేం కొత్తగా అనిపించలేదు. కానీ ఈసారి వాడి గొంతు వేరేగా ఉంది.

తమ్ముడికి మాచర్లలో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫొటోలతో మొదలుపెట్టి ఇప్పుడు పెళ్లిళ్లు, ప్రీవెడ్డింగ్ షూట్లు చేస్తున్నాడు. చుట్టుపక్కల ఎవరికి పెళ్లి కుదిరినా షూట్ ఎక్కడంటే ఒకటే పేరు... ఎత్తిపోతల. మాచర్ల నుంచి సాగర్ వెళ్లే దారిలో, చంద్రవంక 70 అడుగుల పైనుంచి దూకే చోటు. వానలు పడి నీళ్లు నిండుగా ఉన్నాయంటే అక్కడ జంటలకంటే కెమెరాలే ఎక్కువ కనిపిస్తాయి.

షూట్ బాగానే ఉంటుంది. సమస్యంతా తర్వాతే.

65 వేల కొటేషన్

వాడి కంప్యూటర్ 2019లో కొన్నది. ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 3 2200జీ. మదర్‌బోర్డు బీ450. ర్యామ్ 8 జీబీ. రెండేళ్ల కిందట ఎస్‌ఎస్‌డీ వేయించాడు. అప్పట్లో ఫుల్ హెచ్‌డీ వీడియోలకి సరిపోయింది. ఇప్పుడు అందరికీ 4కే కావాలి. టైమ్‌లైన్ మీద క్లిప్ పెట్టి ప్లే నొక్కితే అమ్మాయి నవ్వు ఒక ఫ్రేమ్‌లో మొదలై, పది సెకన్ల తర్వాత ఇంకో ఫ్రేమ్‌లో ముగుస్తోంది. ఐదు నిమిషాల టీజర్ ఎక్స్‌పోర్ట్ కావడానికి 38 నిమిషాలు. మధ్యలో హ్యాంగ్ అయితే మళ్లీ మొదట్నుంచి.

దీనికి తోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. రిజిస్టర్ చేసుకుంటే ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, అంతే. విండోస్ 11 వేసుకుందామంటే ‘మీ ప్రాసెసర్ పనికిరాదు’ అని మెసేజ్. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో 2200జీ లేదు మరి.

తమ్ముడు దగ్గర్లోని ఒక షాపులో అడిగితే ‘మొత్తం మార్చాల్సిందే, 65 వేలవుతుంది’ అన్నారట.

‘కెమెరా లోనే ఇంకా పద్నాలుగు నెలలుందన్నా. కార్తీక మాసంలో మూడు పెళ్లిళ్లున్నాయి. వీడియో టయానికి ఇవ్వకపోతే బ్యాలెన్స్ ఇవ్వరు. పోయినసారి ఒకళ్లు ఇవ్వలా. ఇట్టా అయితే స్టూడియో మూసేసి హైదరాబాద్ వచ్చేస్తా, ఏదో ఒక జాబ్ చూడు’ అన్నాడు.

వాడు ఊరికే అనలేదని అర్థమైంది. సరే, డబ్బు పెట్టేముందు లోపల ఏముందో చూద్దాం అన్నా.

మార్చాల్సింది ఏది?

అప్‌గ్రేడ్ అనగానే ప్రాసెసర్ మీదకి దూకకూడదు. ముందు అసలు అడ్డం పడుతున్నది ఏదో తెలియాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మీరు రోజూ చేసే పని చేస్తూ దాన్ని గమనించండి. డిస్క్ నూరు శాతం చూపిస్తుంటే, అది పాత హార్డ్ డిస్క్ అయితే, ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలు. మెమరీ నిండిపోతుంటే ర్యామ్. ఆ రెండూ ఖాళీగా ఉండి సీపీయూ మాత్రం నూరు దగ్గర కూర్చుందంటే అప్పుడు ప్రాసెసర్.

వాడి దాంట్లో మెమరీ, సీపీయూ రెండూ నిండిపోయాయి. 2200జీలో నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. పెళ్లివంటలో నాలుగే పొయ్యిలున్నట్టు. ఐదో గిన్నె వస్తే ఒకటి దించాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. అదే బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ కూర్చుంటుందా?

విండోస్ సెర్చ్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ అని కొడితే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అని మదర్‌బోర్డు మోడల్, పక్కనే బయోస్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి. ఆ మోడల్ పేరుతో బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌కి వెళ్లి ‘సీపీయూ సపోర్ట్’ లిస్టు చూడాలి. ఏ ప్రాసెసర్‌కి కనీసం ఏ బయోస్ వెర్షన్ కావాలో అందులో ఉంటుంది. యూట్యూబ్ వీడియో కాదు, షాపువాళ్ల మాట కాదు, ఆ లిస్టే ప్రమాణం.

లిస్టు కిందికి జరుపుతూ పోతే తమ్ముడి కళ్లు పెద్దవయ్యాయి. 2019లో కొన్న బోర్డుకి 2022లో వచ్చిన ప్రాసెసర్లు కూడా ఉన్నాయి!

ఒకే సాకెట్... ఎన్నో తరాలు

ఇది అన్ని కంప్యూటర్లకీ పట్టే అదృష్టం కాదు. ఏఎండీ 2016లో ఏఎం4 అనే సాకెట్ తెచ్చింది. 2017లో వచ్చిన మొదటి రైజెన్ నుంచి 5000 సిరీస్ దాకా అన్నీ దాని మీదే. మధ్యలో ఒక గొడవ కూడా అయింది. కొత్త తరం ప్రాసెసర్లు 500 సిరీస్ బోర్డుల మీదే పనిచేస్తాయని 2020 మేలో ఏఎండీ ప్రకటించింది. బీ450 కొన్నవాళ్లంతా మండిపడ్డారు. రెండు వారాలు తిరక్కుండానే కంపెనీ మాట మార్చుకుని 400 సిరీస్‌కీ సపోర్ట్ ఇస్తామంది. 2022లో ఇంకా పాత 300 సిరీస్‌కీ తలుపు తెరిచింది. అంటే ఆరోజు ఎక్కడెక్కడో కూర్చుని కస్టమర్లు చేసిన గోల, ఇవాళ మాచర్లలో మా తమ్ముడి జేబుని కాపాడింది.

ఇంకో తమాషా. రైజెన్ 5 5600 మార్కెట్‌లోకి వచ్చింది 2022 ఏప్రిల్ 4న. పల్నాడు జిల్లా ఏర్పడిందీ ఆరోజే. ఊరు అదే, వీధి అదే, ఇల్లు అదే... ఆఫీసు మాత్రం గుంటూరు నుంచి నరసరావుపేటకి మారింది. మేం చేయబోతున్నదీ అలాంటిదే.

ఇంటెల్ వాడేవాళ్లు మాత్రం ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. 6, 7 తరాలకీ, 8, 9 తరాలకీ సాకెట్ పేరు ఒకటే... ఎల్‌జీఏ 1151. కానీ పాత 100, 200 సిరీస్ బోర్డుల్లో 8వ తరం ప్రాసెసర్ పనిచేయదు. సైజు సరిపోయింది కదాని కొంటే డబ్బులు పోయినట్టే. 10వ తరంతో వచ్చిన హెచ్410 బోర్డు మీద 11వ తరం వేద్దామన్నా కుదరదు. 12, 13, 14 తరాలు మాత్రం ఎల్‌జీఏ 1700 మీద కలిసే ఉంటాయి. హెచ్610 బోర్డు మీద ఐ3తో నడుపుకుంటున్నవాళ్లకి ఇంకా పైకి దారుంది.

ఒక అక్షరం తేడా

‘అయితే 5600 కొనేద్దాం’ అన్నాడు తమ్ముడు. అక్కడే ఆగాం.

వాడి కంప్యూటర్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 2200జీలోనే గ్రాఫిక్స్ ఉన్నాయి కాబట్టి మానిటర్ కేబుల్ నేరుగా బోర్డుకే పెట్టాడు. మామూలు 5600లో గ్రాఫిక్స్ ఉండవు. వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది గానీ తెర మీద ఏమీ రాదు. చివర ‘జీ’ ఉన్న 5600జీ అయితే గ్రాఫిక్స్‌తో వస్తుంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. పెళ్లివంట లెక్కలో ఆరు పొయ్యిలు, ఒక్కో పొయ్యి దగ్గర ఇద్దరు మనుషులు. 5600తో పోలిస్తే క్యాష్ సగమే. అయినా కార్డు కొనే ఖర్చు తప్పుతుంది.

కరెంటు లెక్క కూడా చూసుకోవాలి. 2200జీ 65 వాట్లు, 5600జీ కూడా 65 వాట్లే. చవక బోర్డు మీద పన్నెండు, పదహారు కోర్ల ప్రాసెసర్ పెడితే లిస్టులో ఉన్నా సరే, దానికి కరెంటు అందించే భాగాలు వేడెక్కి వేగం తగ్గిపోతుంది. చిన్న కాలవకి పెద్ద తూము పెట్టినట్టు.

ప్రాసెసర్‌ని సికింద్రాబాద్ సీటీసీలో బాక్స్ పీసే తీసుకున్నాం. 11 వేలు. అక్కడున్న ఫ్రెండ్ కొని, మాచర్ల బస్సెక్కే ఇంకో ఫ్రెండ్ చేతికిచ్చాడు. బాక్స్‌తో కూలర్ వస్తుంది, మూడేళ్ల వారంటీ ఉంటుంది. ట్రేలో విడిగా అమ్మేవి వెయ్యి తక్కువకి వస్తాయి గానీ ఆ వెయ్యి కోసం వారంటీ వదులుకోబుద్ధి కాలేదు. ర్యామ్ 16 జీబీవి రెండు, 8 వేలు. ఒకటే పెద్దది కాకుండా రెండు ఎందుకంటే, 5600జీలోని గ్రాఫిక్స్‌కి విడిగా మెమరీ ఉండదు. ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు స్టిక్కులుంటే రెండు దారుల్లో డేటా వెళ్తుంది.

ఊపిరి బిగపట్టిన ఐదు నిమిషాలు

కొత్త ప్రాసెసర్ వచ్చింది కదాని వెంటనే విప్పకూడదు. పాతది ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. కొత్త ప్రాసెసర్‌ని పాత బయోస్ గుర్తుపట్టదు. అప్పుడు అప్‌డేట్ చేద్దామన్నా తెర రాదు. ఆ తలనొప్పికి మందు మళ్లీ పాత ప్రాసెసర్ పెట్టడమే. కొన్ని బోర్డులకి నేరుగా కొత్త వెర్షన్‌కి వెళ్లకూడదు, మధ్యలో ఒక వెర్షన్ ఎక్కించి తర్వాత అసలుది వేయాలి. ఆ ముక్క డౌన్‌లోడ్ పేజీలోనే రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో. మాదీ అలాంటిదే.

బయోస్ రాస్తున్నప్పుడు కరెంటు పోతే బోర్డు చచ్చిపోవచ్చు. స్టూడియోలో యూపీఎస్ ఉంది కదా అన్నాడు తమ్ముడు. ప్లగ్ పీకి చూశా. నలభై సెకన్లకి ఆరిపోయింది. క్యాబినెట్‌ని బైక్ మీద పెట్టుకుని ఇంటికి తెచ్చాం, ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఫైల్ వేసి, బయోస్‌లోకి వెళ్లి అప్‌డేట్ నొక్కా. శాతం ఒక్కొక్కటే పెరుగుతుంటే పిన్ని టీ తెచ్చి ‘ఏందిరా ఇద్దరూ అట్టా బిగుసుకుపోయారు, ఎవరన్నా పోయారా?’ అంది.

రెండుసార్లు అప్‌డేట్ చేశాం. రెండుసార్లూ సరిగ్గా రీస్టార్ట్ అయింది. మధ్యాహ్నం మూడయింది.

ఎత్తిపోతల దగ్గర

నాలుగింటికి వాడికి షూట్ ఉంది. నన్నూ రమ్మన్నాడు. వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే నీళ్ల చప్పుడుకి పక్కవాడి మాట వినపడట్లేదు. జంటని నిలబెట్టి, వెలుగు మారేలోపు పరిగెత్తి పరిగెత్తి ఫొటోలు తీశాడు. పెళ్లికొడుకు బిగుసుకుపోతుంటే ఏదో జోక్ వేసి నవ్వించాడు. వాడి పని నేనెప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు. వీడు హైదరాబాద్ వచ్చి ఏదో డెస్క్ ముందు కూర్చుంటే ఎలా ఉంటుందా అని ఊహించుకుంటే అస్సలు నచ్చలేదు.

తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిది. మర్నాడు పండగ, ఆ తర్వాత నా ప్రయాణం. ఇప్పుడే అయిపోగొడదామని క్యాబినెట్ విప్పా.

అక్కడే తప్పు చేశా.

టక్... అని ఒక చప్పుడు

ఆరేళ్లలో ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పేస్ట్ ఎండిపోయి జిగురులా పట్టేస్తుంది. అందుకే విప్పేముందు సిస్టమ్‌ని పదిహేను, ఇరవై నిమిషాలు బాగా పని చేయించి వేడెక్కించాలి. తర్వాత ఆపేసి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు తీయాలి. ఇది నాకు తెలుసు. చదివా కూడా. కానీ సాయంత్రమంతా ఆగి ఉన్న సిస్టమ్ చల్లబడి ఉందన్న సంగతి తొందరలో గుర్తురాలేదు. నాలుగు స్క్రూలు విప్పి పైకి లాగా.

టక్‌మంది. కూలర్ చేతికొచ్చింది. దాని అడుగున ప్రాసెసర్ వేలాడుతోంది. సాకెట్ లివర్ ఇంకా వేసే ఉంది.

ఏఎం4లో పిన్నులు బోర్డుకి కాదు, ప్రాసెసర్‌కే ఉంటాయి. 1331 పిన్నులు, వెంట్రుకల్లాంటివి. మూలన మూడు వంగిపోయాయి. పాతదే కదా పోతే పోయిందిలే అనుకోవచ్చు. కానీ కొత్తది పనిచేయకపోతే వెనక్కి వెళ్లే దారి అదొక్కటే. తమ్ముడేమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

హెయిర్ డ్రయ్యర్‌తో కూలర్‌ని వేడిచేసి, మెల్లగా తిప్పితే ప్రాసెసర్ విడింది. పిన్నులు సరిచేద్దామంటే కంటికి ఆనట్లేదు. అప్పుడు వాడే లేచి కెమెరాకి మ్యాక్రో లెన్స్ పెట్టాడు. పెళ్లిళ్లలో ఉంగరాలు, తాళిబొట్టు దగ్గరగా తీసే లెన్స్ అది. ట్రైపాడ్ మీద పెట్టి టీవీకి కలిపితే ఒక్కో పిన్ను అరచేయంత కనిపించింది. పిన్ని కుట్టుపెట్టెలోంచి సన్నటి సూది తెచ్చి, లోహం తగిలిన చేతితో ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకుని, ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా నిటారు చేశా. గట్టిగా ఒక్కసారి వంచితే విరుగుతుంది. ముప్పావుగంట పట్టింది. ఎదురుగా ఇంత పెద్ద తెర లేకపోతే అయ్యేది కాదు.

నల్లటి తెర

కొత్త ప్రాసెసర్ మూలన చిన్న బంగారు త్రికోణం ఉంటుంది. సాకెట్ మీద కూడా అలాంటి గుర్తే. రెండూ కలిపి, లివర్ ఎత్తి వదిలితే తన బరువుకే దిగాలి. నొక్కాల్సి వచ్చిందంటే తప్పుగా పెట్టినట్టు. లివర్ దించి, అడుగున పేస్ట్‌తోనే వచ్చిన కొత్త కూలర్ పెట్టి, స్క్రూలు ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించా. ర్యామ్ వేశా. ఫ్యాన్ వైరు తగిలించా. స్విచ్ నొక్కా.

ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగానే ఉంది.

ప్రాసెసర్ మారాక మొదటిసారి మెమరీని సరిచూసుకోవడానికి టైం పడుతుంది, ఆగాలి అని చెప్పా. నిమిషం. మూడు నిమిషాలు. ఐదు. ఏమీ లేదు. ప్లగ్ తీసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ పీకి, కాసేపాగి మళ్లీ పెట్టా. అయినా అంతే. రాత్రి పన్నెండు దాటింది. ‘పోనీలే అన్నా, రేపు చూద్దాం’ అన్నాడు తమ్ముడు. వాడు నన్ను ఓదారుస్తున్నాడు!

అప్పుడు కనిపించింది. బోర్డు మూలన ఒక చిన్న లైటు, పక్కన ‘డ్రామ్’ అని. టార్చ్ వేసి చూస్తే రెండో ర్యామ్ ఒక పక్క క్లిప్ పడలేదు. సగమే దిగింది. లక్షల లైన్ల కోడ్‌లో తప్పులు వెతికే ఉద్యోగం నాది. గంటసేపు కళ్లముందున్న క్లిప్ కనపడలేదు.

నొక్కితే ‘టిక్’ మంది. ఈసారి తెర వెలిగింది. కొత్త సీపీయూ వచ్చింది, ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా, వై లేదా ఎన్ నొక్కమని ఒక మెసేజ్. చాలామంది ఇక్కడ భయపడతారు. మీ డ్రైవ్‌కి బిట్‌లాకర్ లేకపోతే వై నొక్కేయొచ్చు. ఉంటే మాత్రం ప్రాసెసర్ మార్చకముందే రికవరీ కీ రాసిపెట్టుకోవాలి, లేదా బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా ఆపాలి. లేకపోతే మీ ఫైళ్లకి మీరే తాళం వేసుకున్నట్టు. వాడి దానికి బిట్‌లాకర్ లేదు. వై నొక్కా. విండోస్ మామూలుగా తెరుచుకుంది. యాక్టివేషన్ కూడా పోలేదు, అది ఎక్కువగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి.

13 నిమిషాలు

పొద్దున్నే అదే టీజర్ ఎక్స్‌పోర్ట్ పెట్టాం. 38 నిమిషాలు పట్టింది 13 నిమిషాల్లో అయిపోయింది. 4కే ప్లే చేస్తే అమ్మాయి నవ్వు మొదలైన చోటే ముగిసింది. విండోస్ 11 కూడా ఈసారి పేచీ పెట్టలేదు.

మొత్తం ఖర్చు 20 వేల లోపు. 65 వేలు చెప్పిన షాపాయన మోసం చేశాడని అనను. కొత్త సిస్టమ్ కొంటే ఏఎం5 సాకెట్, డీడీఆర్5 ర్యామ్, మళ్లీ పైకెళ్లే దారి ఉంటాయి. ఏఎం4 దారి ఇక దాదాపు చివరికొచ్చేసింది. నాలుగైదేళ్ల తర్వాత తమ్ముడికీ కొత్తది తప్పదు. కానీ లోన్ మీద ఉన్నవాడికి ఆ నాలుగైదేళ్లే కావాలి.

నేను బస్సెక్కేముందు పాత 2200జీని ఎక్కడ దాచాలని అడిగాడు. పిన్నులకి ఏమీ తగలకుండా ఉండే పెట్టె కావాలి అన్నా. షూట్లలో వాడే ఉంగరాల పెట్టె తెచ్చి, అందులో స్పాంజి సర్ది దాన్ని పెట్టాడు.

నెల తర్వాత ఫోన్ చేశాడు. మూడు పెళ్లిళ్లలో రెండింటి వీడియోలు ఇచ్చేశాడట, బ్యాలెన్స్ కూడా వచ్చిందట. హైదరాబాద్ ఊసెత్తలేదు. నేనూ అడగలేదు.

‘అన్నా, మా ఫ్రెండ్‌ది కూడా బీ450నే. చిన్న ప్రాసెసరుంటే చాలన్నాడు, మన పాతది వేసి చూశా. పనిచేస్తోంది’ అన్నాడు.

‘నువ్వే వేశావా?’

‘ఆ. ముందు వేడి చేశాలే.’